చప్పుడు లేని పెట్టె

ఆ బుధవారం పొద్దున ఇంట్లో నాయనమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, అన్నయ్య ఉన్నాడు, పిల్లి ఉంది. పిల్లి అంటే తోకున్న పిల్లి కాదు, పదిహేనేళ్ళ ఆడపిల్ల. అడుగులో అడుగేసుకుంటూ వచ్చి వెనకాల నిలబడి తన గుండె ఆగినంత పని చేస్తుందని నాయనమ్మ పెట్టిన పేరది. ఈ ఐదుగురూ కాక హాల్లో ఏడు అట్టపెట్టెలున్నాయి. వాటినీ మనుషుల్లో కలుపుకోవాల్సిందే, ఎందుకంటే ఆ రోజు కుర్చీలన్నిటి మీదా అవే కూర్చున్నాయి.

"ఈ పెట్టెల్లో ఏముందిరా?" అంది నాయనమ్మ నిలబడే టీ తాగుతూ.

"కంప్యూటర్, నాయనమ్మా. అమ్మ కోసం. నీళ్ళతో చల్లబడే కంప్యూటర్."

నాయనమ్మ గ్లాసు కిందికి దించింది. "తడిచేత్తో స్విచ్చి ముట్టుకోవద్దని నీకు పాకేటప్పటినుంచీ చెప్తున్నానే. ఇప్పుడు ఏకంగా కరెంటులో నీళ్ళే పోస్తానంటావేంట్రా?"

అన్నయ్య పనిచేసేది కంప్యూటర్ల కొట్లో. అర్థంకానివాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం అక్కడ రోజూ చేసే పనే. "జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తావు కదా, ఇదీ అంతే. లోపల ప్రాసెసర్‌కి ఎప్పుడూ జ్వరమే. నీళ్ళు దాని మీదుగా పోయి వేడి లాక్కుంటాయి. ఈ రేడియేటర్లోకి వచ్చి చల్లబడతాయి. మళ్ళీ వెళ్తాయి. పాతదాంట్లో చిన్న ఫ్యాను ఒక్కటే రొప్పుతూ తిరుగుతుంది. దీంట్లో పెద్ద ఫ్యాన్లు నాలుగు, మెల్లగా, భోంచేసి నడిచినట్టు తిరిగితే చాలు. చప్పుడుండదు."

చప్పుడే అమ్మ కష్టమంతా. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి వినిపించే ఆడియో గ్రంథాలయం ఒకటుంది. అమ్మ గొంతు వాళ్ళకి నచ్చింది. నాలుగు భాగాల పెద్ద నవల ఒకటి మొత్తం ఆమె చేతే చదివించాలని కూడా అనుకున్నారు. ముందు ఒక అధ్యాయం మచ్చుకి చదివి పంపమన్నారు. రెండుసార్లు పంపింది. రెండుసార్లూ, "వెనకాల ఏదో గుర్రుమంటోందండీ" అని తిప్పి పంపారు. గుర్రుమన్నది పాత కంప్యూటరు. శనివారం సాయంత్రంలోగా శుభ్రమైన రికార్డింగు వెళ్ళకపోతే ఆ నవల ఇంకొకరికి పోతుంది. అమ్మ ఈ మాట ఎవరితోనూ రెండోసారి అనలేదు. కానీ రికార్డింగు రెండోసారి తిరిగొచ్చిన రోజు నుంచి నవల మొదటి భాగం ఆమె దిండు పక్కనే ఉంటోంది.

"ఆ గుర్రుపెట్టేదాన్ని గది బయట పెడితే సరిపోదూ?" అంది నాయనమ్మ.

"పెట్టి చూశాం అత్తయ్యా," అంది అమ్మ. "తీగ అడ్డొచ్చి తలుపు పడలేదు. తలుపు పడకపోతే మీ దగ్గూ, ఆయన సుత్తీ నవల్లోకి వచ్చేశాయి."

నాన్న పైపుల మేస్త్రి. అప్పటిదాకా ఒక అట్టపెట్టె మూత ఎత్తి లోపలున్న రాగి గొట్టాలని చూస్తున్నాడు. ఒకటి తీసి వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ తట్టాడు.

"అంటే ఇది ప్లంబింగే కదరా," అన్నాడు.

అన్నయ్య మొహంలో రంగు మారింది. "నాన్నా, ఇది కంప్యూటర్."

"నీళ్ళు పోతాయా?"

"పోతాయి."

"తిరిగొస్తాయా?"

"వస్తాయి."

"ప్లంబింగే," అని నాన్న చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

అలా పని మొదలైంది. ఒకడికి కంప్యూటర్ తెలుసు, ఒకడికి నీళ్ళు తెలుసు. ఇద్దరికీ ఎదుటివాడికి ఏమీ తెలియదని గట్టిగా తెలుసు. క్యాబినెట్ బల్ల మీద పడుకోబెట్టారు. అన్నయ్య మదర్‌బోర్డు బిగించి, ప్రాసెసర్ మీద బూడిదరంగు పేస్టు బఠాణీ గింజంత పెట్టి, దాని మీద రాగి దిమ్మ కూర్చోబెట్టాడు. రేడియేటర్లు పైనొకటి, ముందొకటి. గాజుగ్లాసులాంటి నీళ్ళతొట్టి, దాని అడుగున గుప్పెడంత పంపు. పంపు అదురు క్యాబినెట్‌కి పాకకుండా కింద మెత్తటి రబ్బరు దిండు. ఇక మిగిలింది గొట్టాలు. అక్కడ నాన్నే రాజు. గొట్టంలోకి స్ప్రింగు దూర్చి, మోకాలికి ఆనించి, ఊపిరి బిగబట్టి వంచేవాడు. గొట్టం నలగకుండా, ముడత పడకుండా, మోచేయి మడిచినట్టు వంగేది.

కొలతలు రాసే పని పిల్లిది. ఆ పని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నోటుపుస్తకం, నొక్కితే టిక్కుమనే పెన్నూ ఎప్పుడూ ఆమె చేతిలో ఉండేవే కాబట్టి, నాన్న టేపు పట్టుకుని "పదమూడున్నర" అంటే ఆమె రాసింది. "మూల తిరిగి ఆరు" అంటే మూల ఎటో బాణం గుర్తు వేసింది.

మూడో గొట్టం దగ్గర నాన్న వంపు అటు తిప్పబోతున్నాడు.

"ఇటు," అంది పిల్లి.

ఆమె గొంతు అంతే. ఎదురుగా ఉన్న మనిషికి చేరేలోగా దారిలో ఎక్కడో కూర్చుండిపోతుంది. నాన్న అటే వంచాడు. అన్నయ్య తీసుకెళ్ళి పెట్టి చూశాడు. గొట్టం రెండో కొస రేడియేటర్ వైపు కాక గోడ వైపు చూస్తోంది.

"ఎవరు రాశారీ కొలత?" అన్నాడు అన్నయ్య.

నోటుపుస్తకం చూశారు. బాణం ఇటే ఉంది.

"రాసినప్పుడు నోటితో చెప్పొద్దటే?" అన్నాడు నాన్న.

చెప్పానంది పిల్లి. అదీ ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నానికి గొట్టాలన్నీ కుదిరాయి. బిగింపులన్నిటికీ సన్నటి రబ్బరు చుట్లున్నాయి. చేత్తో బిగించి, పానాతో ఓ పావు తిప్పు తిప్పితే చాలని అన్నయ్య పదిసార్లు చెప్పి, కారితే కనపడేలా కింద పరచడానికి టిష్యూ కాగితాలు తేవడానికి కొట్టుకి వెళ్ళాడు. వాడు వీధి మలుపు తిరిగాడో లేదో నాన్న పంపు మూతి దగ్గరి బిగింపు ఊడదీశాడు. జేబులోంచి తెల్ల టేపు తీశాడు. కుళాయి మరలకి నీరు కారకుండా చుట్టే టేపది. ఆ చుట్ట నాన్న జేబులో లేని రోజు పిల్లి చూడలేదు.

"రబ్బరు చుట్టుంది కదా నాన్నా," అంది.

ఇద్దరే ఉన్నప్పుడు నాన్నకి ఆమె మాట బాగానే వినిపిస్తుంది. "రబ్బరుని నమ్ముకునే ఇన్నేళ్ళు పని చేశాననుకున్నావా? మీ అమ్మ నవల దీని మీద ఆధారపడి ఉంది. నాలుగు చుట్లు. నాలుగంటే నాలుగు." మరల మీద టేపు చుట్టి, బొటనవేలితో నొక్కి, బిగించి, కన్ను గీటాడు. "మీ అన్నకి చెప్పకు. వాడికి చదువెక్కువ."

పిల్లి తలూపింది.

డిస్టిల్డ్ వాటరు పోశారు. పంపు ఒక్కటే తిరిగేలా పెట్టి, గాలిబుడగలు పోవడానికి క్యాబినెట్‌ని అటూ ఇటూ వంచి ఉయ్యాల ఊపినట్టు ఊపారు. గడ్‌గడ్‌మని బుడగలు తొట్టిలోకి వచ్చి పగిలిపోయాయి. ఆ తర్వాత నాయనమ్మ కుర్చీ వేసుకుని టిష్యూల ముందు కూర్చుంది. పొయ్యి మీద పాలు పెట్టి కాపలా కాసినట్టు సాయంత్రం వరకూ కళ్ళార్పలేదు. ఒక్క చుక్క పడలేదు.

"రంగురంగుల దీపాలు వెలుగుతాయన్నావు?" అని అడిగింది చివరికి.

"అమ్మ వద్దంది నాయనమ్మా."

"ఇంత కష్టపడి దీపాలు లేకపోతే ఎలారా," అని ఆమె మనసు కష్టపెట్టుకుంది.

*

గురువారం పొద్దున స్విచ్చి వేశారు. ఏమీ వినపడలేదు. పాడైందనుకుని అన్నయ్య గుండెల మీద చెయ్యేసుకున్నాడు. తెర వెలిగింది. అయినా నమ్మకం లేక ఫ్యాను ముందు కాగితమ్ముక్క పట్టుకున్నాడు. కాగితం మెల్లగా ఊగింది. అప్పుడందరికీ ఇంట్లో ఇంతకాలం వినపడనివన్నీ వినపడ్డాయి. ఫ్రిజ్ మూలుగుతోంది. పక్కింటివాళ్ళు చెంచాలు కడుక్కుంటున్నారు. నాన్న ముక్కు ఊపిరి తీసినప్పుడల్లా చిన్న ఈల వేస్తోంది.

"ఇన్నేళ్ళుగా ఇదా నేను వింటున్నది," అంది అమ్మ నాన్నని చూసి. అందరూ నవ్వారు.

పిల్లి నవ్వలేదు. గుమ్మంలో నిలబడి మెడ ఒకవైపు వంచింది. ఫ్యాన్ల వెనక, ఆ మెత్తటి నిశ్శబ్దంలో, గోరుతో గాజుని ఒక్కసారి తాకినట్టు ఏదో వచ్చింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్ళీ వచ్చింది.

"టిక్కుమంటోంది," అంది.

"నీ చెవుల్లో గడియారముంది," అన్నాడు అన్నయ్య, కేబుళ్ళు సర్దుకుంటూ.

పెట్టెని అమ్మ చదివే గదిలోకి మార్చారు, వెనకే అమ్మా వెళ్ళింది. ఒకప్పుడు సామాన్లు పడేసుకునే గది అది. గోడలకి పాత దుప్పట్లు కొట్టి, నేల మీద పరుపు వేశారు. తలుపు మూసుకుంది. పిల్లి ఎప్పట్లాగే బయట గోడకి ఆనుకుని కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. సాయంత్రానికి అధ్యాయం పూర్తయింది, పంపేశారు.

*

శుక్రవారం పొద్దున గ్రంథాలయంలో రికార్డింగులు విని సరిచూసే ఆవిడ ఫోన్లో మాట రికార్డు చేసి పంపింది. అమ్మ అందరికీ వినపడేలా పెట్టింది.

"మీ గొంతు గురించి చెప్పక్కర్లేదండీ. ఆ గుర్రు కూడా పూర్తిగా పోయింది, ఏం మంత్రం వేశారో. కానీ ఎవరో పక్కన కూర్చుని పెన్ను నొక్కుతున్నారండీ. టిక్కు... టిక్కు... చదువులో పడగానే అది అడ్డొస్తోంది. ఇంకొకటి, చివర్లో చిన్నపిల్ల వాళ్ళ నాన్నకి రాసిన ఉత్తరముంది చూశారా, అది పిల్ల రాసినట్టు లేదు, హెడ్మాస్టరు రాసినట్టుంది. రేపు సాయంత్రం దాటితే నా చేతిలో ఉండదు, ఏమనుకోకండి."

నలుగురి తలలూ ఒకేసారి పిల్లి వైపు తిరిగాయి. చేతిలో పెన్ను ఉంది. కంగారులో ఆమె బొటనవేలు దాన్ని నొక్కింది. టిక్కుమంది.

"ఇంకేం, దొంగ దొరికింది!" అన్నాడు అన్నయ్య. "మూడు రోజులు ప్రాణం పెట్టి చప్పుడు చంపితే, ఇది గుమ్మంలో కూర్చుని..."

"నేను కాదు," అంది పిల్లి.

"ఏంటి?"

"నేను కాదు."

"గట్టిగా చెప్పవే!"

అమ్మ వచ్చి చెయ్యి చాపింది. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. పెన్ను తీసుకుని నాయనమ్మకిచ్చింది. నాయనమ్మ దాన్ని కళ్ళజోడు డబ్బాలో పెట్టి, డబ్బాని ఒళ్ళో పెట్టుకుంది.

"కాసేపు వీధి మెట్ల మీద కూర్చో తల్లీ," అంది అమ్మ. వీధి తలుపు పిల్లి ముక్కుకి అంగుళం దూరంలో మూసుకుంది.

మెట్ల మీద పిల్లి మోకాళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుంది. ఏడవలేదు. ఆ చప్పుడు తన పెన్నుది కాదు. తన పెన్ను నొక్కితే రెండు చప్పుళ్ళు, లోపలికొకటి, బయటికొకటి. అది ఒక్కటే. తడిగా ఉంటుంది. తడి ఉన్న చోటు ఆ పెట్టెలో ఎక్కడో ఆమెకి తెలుసు. అక్కడ నాలుగు చుట్ల టేపుందనీ, ఎవరికీ చెప్పనని తను తలూపిందనీ తెలుసు. కానీ అదేనని గట్టిగా తెలియదు. తెలియకుండా నాన్న పేరు ఎలా చెప్తుంది?

గంట తర్వాత తలుపు తెరుచుకుంది. అన్నయ్య గడ్డం గీరుకుంటూ నిలబడ్డాడు.

"నువ్వు ఇక్కడే ఉన్నావా?"

"ఊఁ."

"మెటికలు విరిచావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

లోపల అమ్మ హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని కూర్చుని ఉంది. పెన్ను డబ్బాలో ఉన్నా, పిల్లి వీధిలో ఉన్నా రికార్డింగులో టిక్కు అలాగే ఉంది. ఇక ఇల్లంతా అనుమానాలే. గోడగడియారం దించి బాత్రూంలో పెట్టారు. అమ్మ కుర్చీ తిరగేసి చూశారు.

"అమ్మా, నీ కట్టుడుపళ్ళేమైనా..." అన్నాడు నాన్న.

"నా పళ్ళు నా నోట్లో ఉన్నాయిరా! గదిలోకొచ్చి మైకు కొరుకుతాయా?"

"మరి నీ మోకాళ్ళే అయ్యుంటాయి నాన్నా," అన్నాడు అన్నయ్య. "నిన్న లేచినప్పుడు విన్నాను."

వాళ్ళు హాల్లో ఇలా ఒకరి కీళ్ళు ఒకరు ఎంచుకుంటూ ఉండగా పిల్లి లోపలికి జారుకుంది. నాన్న పనిముట్ల సంచిలోంచి చెవికర్ర తీసింది. మూరెడు పొడవున్న గుండ్రటి కర్ర, ఒక కొస చెవికి ఆనేలా గిన్నెలా తొలిచి ఉంటుంది. గోడలో పైపు ఎక్కడ కారుతోందో తెలియకపోతే నాన్న గోడ పగలగొట్టడు. ఈ కర్ర ఆనించి, జానెడు జానెడు జరుపుతూ వింటాడు. చిన్నప్పుడు పిల్లి దీన్ని నాయనమ్మ కడుపు మీద పెట్టి విని, "లోపల బండి వెళ్తోంది" అనేది.

గదిలో కంప్యూటర్ నడుస్తోంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని కర్ర కొస పై రేడియేటర్‌కి ఆనించింది. వాన దూరంగా పడుతున్నట్టుంది, అంతే. ముందు రేడియేటర్. అదే వాన. రాగి దిమ్మ దగ్గర నీళ్ళు సన్నగా జారుతున్నాయి. నీళ్ళతొట్టి. చాలాసేపు ఆగింది. టిక్కు, కొంచెం దగ్గరగా. కర్ర పంపు మీదికి జరిపింది. ఊపిరి బిగబట్టింది. టిక్కు చెవి మీద మొట్టినట్టు వచ్చింది.

ఆమె లేచి హాల్లోకి వెళ్ళి నాన్న చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. నాన్న ఆమె చేతిలో కర్ర చూసి, ఇంకేం అడగకుండా వెంట వచ్చాడు. అమ్మా అన్నయ్యా కూడా వెనకాలే వచ్చి గుమ్మంలో ఆగారు. పిల్లి కర్ర పంపుకి ఆనించి రెండో కొస నాన్నకిచ్చింది. నాన్న కూర్చుని చెవి పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. పని మీద ఉన్నప్పుడు ఎలా ఉంటాడో అలా. కాసేపటికి కళ్ళు తెరిచాడు. కళ్ళు పంపు మూతి దగ్గరి బిగింపు మీద ఆగాయి. తర్వాత పిల్లి మీద.

"నీకు అప్పుడే తెలుసా?" అన్నాడు మెల్లగా.

"చెప్పొద్దన్నావుగా," అంది పిల్లి, అంతకంటే మెల్లగా.

నాన్న కర్ర ఒళ్ళో పెట్టుకున్నాడు. మెడ వెనక చేత్తో రుద్దుకున్నాడు. గుమ్మం వైపు తిరిగాడు.

"ఒరేయ్, అది దీని పెన్ను కాదు. నా టేపు."

"ఏం టేపు?" అన్నాడు అన్నయ్య. బిగింపు వైపు చూసి, "నాన్నా! టేపు చుట్టావా? రబ్బరు చుట్లున్న బిగింపుకి టేపా?"

"నాలుగు చుట్లు," అన్నాడు నాన్న. దాచింది చెప్పేటప్పుడు కూడా లెక్క తప్పకూడదు కదా.

నాన్న పిల్లి వైపు తిరిగాడు. "నిన్ను వీధిలో కూర్చోబెట్టినప్పుడు నేనూ ఇక్కడే ఉన్నానే," అన్నాడు. పానా తీసుకున్నాడు.

నీళ్ళు గిన్నెలోకి దించారు. బిగింపు ఊడదీశారు. టేపు కొస తెగి, గోరంత పొడవు తెల్లటి పీలిక పంపు నోట్లోకి వేలాడుతోంది. నీళ్ళు లాగినప్పుడల్లా అది లోపల తిరిగే రెక్కని ఓసారి తాకి వెనక్కి వస్తోంది. నాన్న వేళ్ళు ఆ నోట్లో పట్టలేదు. అన్నయ్య వేళ్ళూ అంతే. అమ్మ కనుబొమ్మల పట్టకారు తెచ్చి పిల్లికిచ్చింది. ముగ్గురి తలలూ ఆమె మీదికి వంగాయి.

"వెలుతురు," అంది పిల్లి.

ముగ్గురూ ఒకేసారి వెనక్కి జరిగారు. ఈసారి అందరికీ వినపడింది.

పీలిక బయటికొచ్చింది. మరల మీద మిగిలిన టేపంతా ఆమే ఒలిచి తుడిచింది. బిగింపు చేత్తో తిప్పి, పానాతో పావు తిప్పు వేసింది. నాన్న చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. అలా కట్టుకోవడం ఆయనకెంత కష్టమో వేళ్ళు చూస్తే తెలుస్తోంది. నీళ్ళు పోసి, ఊపి, టిష్యూలు పరిచి, నాయనమ్మని మళ్ళీ కాపలా కూర్చోబెట్టారు.

"మీ నాన్న చిన్నప్పుడూ అంతే," అంది నాయనమ్మ పిల్లితో గుసగుసగా. "చెప్పులకి కూడా టేపు చుట్టేవాడు."

*

శనివారం మధ్యాహ్నానికి అధ్యాయమంతా అయిపోయింది, ఉత్తరం తప్ప. అన్నయ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శబ్దం బాగా పెంచి విన్నాడు, మళ్ళీ విన్నాడు, పిల్లికిచ్చాడు. "నువ్వు విని చెప్పు. నా చెవుల మీద నాకు నమ్మకం పోయింది." ఆమె విని తలూపింది. మాటకీ మాటకీ మధ్య ఏమీ లేదు. మాటలు చీకట్లో పెట్టిన ముత్యాల్లా విడివిడిగా ఉన్నాయి.

ఉత్తరం మాత్రం కుదరలేదు. అమ్మ గొంతు చిన్నది చేసి చదివింది. జలుబు చేసినట్టుంది. ముద్దుముద్దుగా చదివింది. నాయనమ్మ నవ్వి దగ్గి, దగ్గి నవ్వి, లేచి వెళ్ళిపోయింది. నాన్న, "ఏమోయ్, అంతకంటే హెడ్మాస్టరే నయం," అన్నాడు. గడియారం బాత్రూంలోంచి మళ్ళీ గోడ మీదికి వచ్చింది. మూడున్నర చూపిస్తోంది.

అమ్మ గదిలోంచి బయటికొచ్చింది. చేతిలో ఆ ఒక్క పేజీ ఉంది. పిల్లి గోడకి ఆనుకుని కూర్చుని నోటుపుస్తకం గుండెలకి హత్తుకుని ఉంది. అమ్మ ఆమె ముందు కూర్చుంది.

"ఈ ఉత్తరం రాసిన పిల్ల మాట వాళ్ళింట్లో ఎవరికీ వినపడదు," అంది. "అందుకే రాసింది. నిన్నంతా ఇది చదువుతూ, ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందా అని వెతుక్కున్నాను. బయట మెట్ల మీద కూర్చోబెట్టి, లోపల వెతికాను."

పిల్లికి అర్థమైంది. కాళ్ళు వెనక్కి తీసుకుంది. "నా గొంతు వినపడదమ్మా."

"పంపులో పీలిక చప్పుడే పట్టింది ఆ మైకు. నువ్వెంత?"

"తప్పులు పోతాయి."

"పోతే మళ్ళీ చదువు. లోపల ఎవరూ ఉండరు. నేను కూడా ఉండను."

నాన్న పక్కకి జరిగి దారిచ్చాడు. అన్నయ్య లోపలికెళ్ళి మైకు ఆమె ఎత్తుకి దించి వచ్చాడు. "ఎర్ర బటను నొక్కితే చాలు. మెల్లగానే చదువు, గట్టిగా చదవకు. నీ చప్పుడే చాలు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

గుమ్మం దగ్గర నాయనమ్మ కళ్ళజోడు డబ్బా తెరిచి పెన్ను ఇచ్చింది. పిల్లి తీసుకుంది, ఒకసారి దాన్ని చూసుకుంది, మళ్ళీ నాయనమ్మ చేతిలోనే పెట్టింది.

"చదివేటప్పుడు వద్దు," అంది.

అమ్మ ఎత్తు కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకి కొంచెంలో అందలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే తన ఊపిరి తనకి వినపడింది. పక్కన పెట్టె నడుస్తోందని తెర మీద వెలుతురు చూస్తేనే తెలుస్తోంది. పేజీ రెండు చేతులతో పట్టుకుంది. మొదటి మాట 'నాన్నా' అని ఉంది. తల తిప్పి చూసింది. గుమ్మంలో నలుగురూ ఒకరి భుజం మీంచి ఒకరు తొంగి చూస్తున్నారు. అమ్మ మిగిలిన ముగ్గురినీ మోచేత్తో వెనక్కి నెట్టింది. ఆమె వైపు చూసి చిన్నగా తలూపి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.